పరబ్రహ్మంగారి తెల్లకణాలు

ఆ ఆదివారం పొద్దున సోమయ్యకు పెద్ద పనులేం లేవు. చాయ్ తాగాలి, దుకాణం షట్టరు సగం ఎత్తాలి, గల్లీలో ఎవరినో ఒకరిని ఆటపట్టించాలి, ఆ నవ్వుతో బోణీ చేసుకోవాలి. ఇరవై ఏళ్లుగా అతని ఆదివారాలన్నీ ఇట్లాగే మొదలవుతున్నాయి.

లాల్‌దర్వాజాలో సోమయ్యది తాతలనాటి ఇత్తడి సామాన్ల దుకాణం. కింద దుకాణం, మధ్యలో తన కాపురం, పై అంతస్తులో కిరాయివాళ్లు. వయసు అరవైకి దగ్గరపడినా బుద్ధి ఏడో తరగతి దగ్గరే ఆగింది. బడి కూడా అక్కడే ఆగింది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. బట్టల వ్యాపారి ప్రేమ్‌రాజ్ బస్తీ కమిటీకి అధ్యక్షుడు. అంతటివాడికి ఒకసారి "టీవీవాళ్లు నీ దుకాణం షూటింగ్ చేస్తరంట" అని చెప్పి, నడి ఎండాకాలంలో షేర్వాణీ తొడిగించి, మధ్యాహ్నం దాకా గడపలో నిలబెట్టాడు. ప్రేమ్‌రాజ్ ఇప్పటికీ టీవీ చూడడు.

పై అంతస్తులో ఉండే పరబ్రహ్మంగారిది అమలాపురం వైపు. నయాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లోనే అద్దెకున్నారు. ఆయన పై అధికారికి భయపడరు, ఆడిట్‌కి భయపడరు. నిమ్మకాయకి భయపడతారు. ఆదివారాలు, అమావాస్యలు వస్తే దిష్టి తీసిన నిమ్మకాయలు మూడుదార్ల దగ్గర పడేసి పోతారు గదా, వాటి చుట్టూ ఆయన లారీ చుట్టూ తిరిగినట్టు తిరిగి వెళ్తారు. ఎడమ కన్ను ఎప్పటినుంచో అంతంతమాత్రమే, రెండు నెలల కింద కుడికంట్లో కూడా శుక్లం ముదిరి, చూపు మసకబారింది. అప్పటినుంచి రోజూ పొద్దున చివరి మెట్టు మీద ఆగి అడగడం అలవాటైంది.

"సోమయ్యగారూ, దారి బావుందా?"

సోమయ్య వీధంతా కలియజూసి చెప్పేవాడు. "మస్తుగున్నది సాబ్, రా."

రెండు నెలలు ఈ మాట మీదే పరబ్రహ్మంగారు ఆఫీసుకు వెళ్లొచ్చారు. కంటి ఆపరేషన్ గురువారానికి పెట్టారు. దానికోసం రక్తం తీయడానికి ల్యాబు నుంచి స్రవ్య అనే అమ్మాయి ఆ ఆదివారం ఆరున్నరకు ఇంటికే వస్తానంది. ఆరు గంటలకు ఆయన పాలప్యాకెట్ కోసం కిందికి దిగుతారని సోమయ్యకు తెలుసు.

గల్లీ మూల మీద చంద్రమ్మ అప్పుడే బుట్ట దించుకుంది. తెల్లారకముందే మాదన్నపేట మార్కెట్‌కు పోయి నిమ్మకాయలు, మిరపకాయలు, వేపమండలు తెచ్చి ఆ మూలన అమ్ముతుంది. అంతకుముందు ఆమె అత్త అక్కడే కూర్చునేది. ఆషాఢం నడుస్తోంది, బోనాలు ఇంక రెండు వారాలు. ఆ రెండు వారాల బేరమే చంద్రమ్మకు ఏడాది బేరం.

"చంద్రమ్మా, కదలకు! నీ కొప్పుల తేలున్నది!" అన్నాడు సోమయ్య.

చంద్రమ్మ రెండు చేతులూ తలమీదికి పోయాయి. సోమయ్య చెయ్యి బుట్టలోకి పోయింది. తేలు లేదు. బుట్టలోంచి ఒక నిమ్మకాయ మాత్రం మాయమైంది. దానికి దుకాణంలోని దేవుడి పటం దగ్గర కుంకుమ పూసి, చివరి మెట్టు కింద పెట్టి, సోమయ్య స్టూలు మీద సాధువులా కూర్చున్నాడు.

"సోమయ్యగారూ, దారి బావుందా?"

"మస్తుగున్నది సాబ్, రా."

పిచక్కుమంది.

"అయ్యయ్యో!" సోమయ్య లేచి నిలబడ్డాడు. "ఏం తొక్కినవ్ సాబ్! కుంకం గూడ ఉన్నది!"

పరబ్రహ్మంగారి మొహంలో రంగు పోయింది. "ఇప్పుడెలాగండీ?"

"ఫికర్ చెయ్యకు. మా తాత చెప్పిన ఇలాజ్ ఉన్నది. వెనక గల్లీల మూడు చక్కర్లు ఉరుకు. ఆగొద్దు, ఎనక్కి మర్రి చూడొద్దు. చెప్పులు నెత్తి మీద పెట్టుకో."

"నెత్తి మీదా?"

"తొక్కింది అవే గద సాబ్. మళ్ల భూమికి ఆనితే నీ ఇష్టం."

సోమయ్య తాత ఇత్తడి చెంబుల గురించి తప్ప ఇంకేం చెప్పి ఎరగడు. అయినా ఆ మాటలో ఏదో న్యాయం కనిపించింది పరబ్రహ్మంగారికి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు రెండు చేతులతో నెత్తిన అదిమిపట్టుకుని ఉరికారు. రెండో చక్కరులో ఒక కుక్క తోడైంది. మూడో చక్కరు ఆయన మొదటి రెండింటికంటే తొందరగా ముగించారు. సోమయ్య షట్టరుకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వి, దవడ పట్టుకున్నాడు. నవ్వితే ఆ ఎడమ దవడ ఈ మధ్య కొంచెం సలుపుతోంది. ఒక లవంగం బుగ్గన పెట్టుకున్నాడు.

పరబ్రహ్మంగారు మెట్లెక్కేసరికి స్రవ్య సూది పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఏంది సార్, గిన్ని చెమటలు? జరసేపు కూసోండ్రి."

"ఏం లేదమ్మా, ఉక్కగా ఉంది. తీసెయ్," అన్నారాయన. పక్కన భార్య రాజరాజేశ్వరి, కూతురు హరిప్రియ నిలబడి ఉన్నారు మరి.

సాయంత్రం రిపోర్టు హరిప్రియ ఫోనులోకి వచ్చింది. "నాన్నా, అన్నీ బావున్నాయి. తెల్లకణాలే పద్నాలుగు వేల తొమ్మిది వందలున్నాయి. పదకొండు వేలు దాటకూడదని రాశారు." ఎందుకలా అని ఫోనులోనే వెతికింది. ఫోను ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, అన్నిటికంటే పెద్ద జబ్బు అన్నిటికంటే పైన చూపించింది. రాజరాజేశ్వరి కూరగాయల పీట మీద అట్లాగే కూలబడిపోయింది.

సోమవారం డాక్టర్ నీహారిక క్లినిక్‌కు అందరూ కలిసి వెళ్లారు. సోమయ్య కూడా. పైనుంచి ఏడుపు వినబడగానే అతనే ఆటో పిలిచాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, కూర్చోమంది. "ముందు కంగారు తగ్గించుకోండి. తెల్లకణాలంటే ఒంట్లో పోలీసులు. బోనాలప్పుడు మన దగ్గర బందోబస్తు పెరుగుతుంది కదా? పోలీసులు ఎక్కువ కనిపిస్తే హత్య జరిగినట్టేనా? ఎందుకొచ్చారో కనుక్కోవాలి, అంతే. జ్వరం, దగ్గు, మూత్రంలో మంట ఉన్నాయా?"

"లేవండి."

"ఎక్కడైనా పుండు, చీము? పంటి నొప్పి?"

"లేవండి."

సోమయ్య నాలుక తనకు తెలియకుండానే ఎడమ బుగ్గలోని లవంగాన్ని ఒకసారి తడుముకుంది.

"సిగరెట్ తాగుతారా? దానివల్ల కూడా పెరుగుతాయి."

"ఆయనా?" రాజరాజేశ్వరి కన్నీళ్లలోనే నవ్వింది. "ఆయనకి అగరొత్తి పొగే పడదండీ."

పరబ్రహ్మంగారు గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూశారు. ఆ కంటికి అది కనబడదని అందరికీ తెలుసు. "రోజుకొకటి," అన్నారు నెమ్మదిగా. "నయాపూల్ దగ్గర. భోజనం తర్వాత."

"ఎన్నాళ్లనుంచి?" ఈ ప్రశ్న డాక్టరమ్మది కాదు.

"హరిప్రియ పుట్టినప్పటినుంచి."

హరిప్రియకు ఇరవై రెండేళ్లు. డాక్టరమ్మ రిపోర్టు మీద ఏదో రాసుకుంది.

"సరే. స్టెరాయిడ్ గోలీలు వాడారా? కొందరు మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనేస్తుంటారు."

ఈసారి క్యాలెండర్ వైపు చూడడం రాజరాజేశ్వరి వంతయింది. "నావి రెండు గోలీలు ఆయనకిచ్చానండీ. మొన్నే." సంచిలోంచి తీసి చూపించింది. డాక్టరమ్మ చూసి తిరిగిచ్చేసింది. "ఇవి ఉత్త కాల్షియం అమ్మా. వీటికేం కాదు. పోనీ, రక్తం తీసేముందు పరుగెత్తారా? బాగా భయపడ్డారా? సగం మంది పోలీసులు గల్లీ గోడలకి ఆనుకుని ఊరికే నిలబడి ఉంటారు. విజిల్ పడగానే అందరూ రోడ్డు మీదికొస్తారు. అప్పుడు లెక్కపెడితే ఎక్కువైనట్టు కనిపిస్తుంది. కాసేపాగితే మళ్లీ గోడకి ఆనుకుంటారు."

గదిలో ఇద్దరు మగవాళ్లు నేలచూపులు చూశారు.

పరబ్రహ్మంగారికి నెత్తి మీది చెప్పులు, వెంటపడ్డ కుక్క గుర్తొచ్చాయి. ఒక సిగరెట్ ఒప్పుకుంటేనే ఇంత అయింది. "నేనెందుకు పరుగెత్తుతానండీ, ఈ వయసులో?" అన్నారు.

సోమయ్యకు మాట నోటిదాకా వచ్చింది. కానీ రాజరాజేశ్వరి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. తన వేళాకోళం వల్ల ఒక ఆడమనిషి రాత్రంతా నిద్రపోలేదని ఆ గదిలో, ఆమె ముందు చెప్పడమెట్లా? మాటను లవంగంతో కలిపి మింగేశాడు.

"మిగిలింది ఎముకల్లోని మూలుగకి సంబంధించిన జబ్బులు," అంది డాక్టరమ్మ. "అవి చాలా అరుదు. ఈ రిపోర్టులో ఆ లక్షణాలేం లేవు. శనివారం మళ్లీ తీయిద్దాం, అరగంట కుదురుగా కూర్చోబెట్టాకే. అప్పటిదాకా కంటి ఆపరేషన్ ఆపుకోండి."

ఇంత చెబితే రాజరాజేశ్వరి చెవికెక్కింది మూలుగ, ఆపుకోండి అనే రెండు మాటలే.

ఇంటికెళ్లాక ఆమె అడగడం మొదలుపెట్టింది. సిగరెట్ ఒప్పుకున్న నోరు గదా, ఇంకొంచెం ఒప్పుకుంది. ఆదివారం పొద్దున నిమ్మకాయ తొక్కానన్నారు. పరుగు గురించీ చెప్పుల గురించీ మాత్రం ఆయన నోరు మెదపలేదు.

"నిమ్మకాయా! ఈ మాట అక్కడ చెప్పాలి కదండీ!" అంది రాజరాజేశ్వరి. ఆ క్షణంతో ఆమె దృష్టిలో వైద్యం అయిపోయింది. ఇక తేలాల్సింది ఆ నిమ్మకాయ ఎవరిదన్నదే. పోయిన వారమే కరివేపాకు వాడిపోయిందని ఆమె చంద్రమ్మతో గొడవపడింది. "వానలు లేకుంటె ఎట్లుంటదో మీకే తెలుస్తది అమ్మా," అంది చంద్రమ్మ ఆనాడు. ఇప్పుడు ఆ మాటలోంచి వానలు మాయమై, మీకే తెలుస్తది మాత్రం మిగిలింది.

మంగళవారానికి చంద్రమ్మ బుట్ట పెట్టిన పక్కన ఎవరూ నడవడం లేదు.

"చేసింది చంద్రమ్మనేనంట," అంది సోమయ్య భార్య నాగమణమ్మ, అన్నం వడ్డిస్తూ. "ఆమె బుట్టల నిమ్మకాయనే అంట."

సోమయ్య ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఎవలన్నరు?"

"అందరంటున్నరు. ఆదివారం కమిటీ కూసుంటదంట. ఈ బోనాలకు ఆమెను గా మూలకు కూసోనియ్యద్దని ప్రేమ్‌రాజ్ అన్న చెప్పిండు. పాపం, అత్త కాలం నుంచి ఆడనే ఉన్నది. గని చేసిన పనికి ఏం జేస్తం?"

ఆ పూట సోమయ్య గల్లీ మూల మీదుగా పోవాల్సి వచ్చింది. చంద్రమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అతన్ని చూసి తల పైకెత్తింది.

"నిమ్మకాయలు కావాల్నా, సోమయ్య సేటూ?"

అంతే అడిగింది. అయినా సోమయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. "మొత్తం కావాలె," అన్నాడు. బుట్టెడు నిమ్మకాయలూ గోనెసంచిలో పోయించుకుని భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పడానికి దమ్ము లేని మనిషి సంచి మోయడానికి వెనుకాడడు.

"అరె సోమయ్య భాయ్, ఇత్నే నింబూ? షాదీ హై క్యా ఘర్ మే?" అని, ఇంట్లో పెళ్లేమైనా ఉందా అన్నట్టు, చాయ్ హోటల్ ఖాజా భాయ్ కేకేశాడు. ఆ కేకకు గల్లీలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

గుమ్మంలో సంచి చూసిన నాగమణమ్మ వేసిన కేకకు మూసుకున్నాయి. ఆమె ఆ సంచిని దాటకుండా, ముట్టకుండా, మొగుణ్ణి గోడకు నిలబెట్టి మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పోసింది. మిరపకాయలకు ఘాటు రాలేదు. "చూసినవా? మస్తు దిష్టి ఉన్నది," అంది. బుధవారం పొద్దుటికి గల్లీ తీర్పు తయారైంది. మంచిగున్న సోమయ్యను కూడా పట్టింది, తన కాళ్లతోనే పోయి కొనుక్కొచ్చుకున్నాడు. ఇక చంద్రమ్మ మూల నుంచి పోవాల్సిందే.

ఆ రోజంతా సోమయ్య ఇత్తడి బిందెలు తుడుస్తూ ఆలోచించాడు. ప్రతి బిందెలోనూ తన మొహం సాగిపోయి వంకరగా కనిపించింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఉరికితే కణాలు పెరుగుతాయని డాక్టరమ్మ చెప్పింది గదా. తనూ ఉరికి రక్తం ఇస్తాడు. కణాలు పెరుగుతాయి. కారణం పరుగే, నిమ్మకాయ కాదు అని గల్లీ అందరికీ కాగితం చూపిస్తాడు. తన పేరు రాకుండానే చంద్రమ్మ బయటపడుతుంది.

గురువారం పొద్దున వెనక గల్లీలో మూడు చక్కర్లు ఉరికి, రొప్పుతూ స్రవ్యకు చెయ్యి చాపాడు. సాయంత్రం రిపోర్టు కాగితం దుకాణానికొచ్చింది. అతను బిందె కింద పెట్టి వచ్చేలోపు నాగమణమ్మ దాన్ని అందుకుని, గల్లీ చివరిదాకా వినబడేట్టు చదివింది. "పదిహేను వేల ఆరు వందలు!"

"అరే, నేను ఉరికిన! ఉరుకుడుతోని పెరిగినయ్!" అన్నాడు సోమయ్య.

"ఎందుకు ఉరికినవ్?" అని ప్రేమ్‌రాజ్ అడిగాడు.

సోమయ్య చేతిలోని గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "ఊకెనే."

ప్రేమ్‌రాజ్ చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. "అరవై ఏండ్ల మనిషి ఊకెనే గల్లీల ఉరికిండంటే, ఇంక పట్టలేదంటరా?"

శనివారం ఇద్దరికీ మళ్లీ రక్తం తీయాలని డాక్టరమ్మ కబురు పెట్టింది. మెట్ల మీద పక్కపక్కన అరగంట కూర్చోబెట్టింది స్రవ్య. పరబ్రహ్మంగారు సోమయ్య మోకాలి మీద చెయ్యి వేశారు.

"సోమయ్యగారూ, క్షమించండి. రోజూ నాకు దారి చూశారు. ఆ పాడుది నా వల్లే మీకూ అంటుకుంది."

సోమయ్య బుగ్గలోని లవంగాన్ని కొరికాడు. పంతొమ్మిదేళ్లలో ఆ మనిషి కిరాయి ఆలస్యం చేసింది లేదు, మాట తూలింది లేదు. ఆ చెయ్యి మోకాలి మీద ఉన్న కాసేపూ సోమయ్యకు సూది గుచ్చింది కూడా తెలియలేదు.

ఆదివారం పొద్దున కమిటీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. చంద్రమ్మ బుట్టతో సహా వచ్చి ఒక పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకునేలోపు సోమయ్య లేచాడు.

"చంద్రమ్మ ఏం జెయ్యలే. నిమ్మకాయ పెట్టింది నేను. ఆమె బుట్టల నుంచి తీసి, కుంకం పూసి, మెట్టు కింద పెట్టిన. మజాక్ చేసిన."

గల్లీ మొత్తం గొల్లున నవ్వింది.

"మళ్ల మొదలువెట్టిండు!"

"నవ్వులాట కాదు! నిజం చెప్తున్న!"

ప్రేమ్‌రాజ్ కళ్లు చెమర్చాయి. "టీవీ షూటింగ్ గూడ నిజమే అన్నవ్ నువ్వు. గని ఇయ్యాల నీ మనసు తెలిసింది సోమయ్యా. ఒంట్ల బాగలేకున్నా, ఒక ఆడమనిషిని కాపాడనీకి తప్పు నెత్తినేసుకుంటున్నవ్. షాబాష్!" ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు.

సోమయ్య జీవితంలో అన్ని చప్పట్లు అంతకుముందు ఎప్పుడూ పడలేదు. నేల చీలితే దూకేవాడే, కానీ ఆ వీధికి కొత్తగా సిమెంటు వేశారు. చెమట తుడుచుకుని పరబ్రహ్మంగారి వైపు తిరిగాడు.

"నెత్తిన అంటే గుర్తొచ్చింది. సాబ్ను మూడు చక్కర్లు ఉరకమన్నది గూడ నేనే. చెప్పులు నెత్తి మీద పెట్టుకొమ్మన్న. గది మా ఇద్దరికి తప్ప ఎవరికి తెల్వదు. సాబ్, నువ్వే చెప్పు. అబద్ధమంటే అబద్ధమను."

చప్పట్లు ఆగిపోయాయి. అందరి చూపులూ పరబ్రహ్మంగారి మీద పడ్డాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాదంటే పరువు దక్కుతుంది. పక్కన హరిప్రియ, అటుపక్క అదే బస్తీలో ఉండే తన ఆఫీసువాళ్లు ఇద్దరు. ఎదురుగా, మసకగా, బుట్ట పట్టుకుని నిలబడ్డ ఒక ఆకారం. ఆయన ఆ ఆకారాన్నే చాలాసేపు చూశారు.

"పెట్టుకున్నాను," అన్నారు.

"నాన్నా!" అంది హరిప్రియ.

"పెట్టుకున్నానమ్మా. మూడు చక్కర్లూ. రెండో చక్కరులో కుక్క కూడా వచ్చింది."

"డాక్టరుగారు అడిగినప్పుడు చెప్పలేదేమండీ?" అంది రాజరాజేశ్వరి.

"ఎలా చెప్పమంటావు?"

అప్పుడు చంద్రమ్మ బుట్ట కింద పెట్టింది. "నేను చూసిన," అంది. "కొప్పుల తేలున్నదని సేటు నిమ్మకాయ తీసింది చూసిన. సారు ఉరికింది గూడ చూసిన. నేను కూసున్న కాడికెల్లి వెనక గల్లీ కనబడ్తది."

"మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"చెప్తె మీరు నమ్ముతుండ్రా? నిమ్మకాయ నా బుట్టదేనాయె. ఉరికిన సంగతి చెప్తె సారు ఇజ్జత్ పోతది. పెద్దమనిషి. ఇగ సోమయ్య సేటు అంటరా, ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసుకుంట కూసున్న. బుట్టెడు నిమ్మకాయలు కొనుక్కపోయిండు గని, ఒక్క మాట చెప్పనీకె ఆదివారం దాక పట్టింది."

రాజరాజేశ్వరి తల ఎత్తలేదు. సోమయ్య తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. అవి నెత్తి మీద ఉండాల్సినవని ఆ క్షణంలో అతనికి మనస్ఫూర్తిగా అనిపించింది.

అంతలో స్రవ్య బండి ఆగింది. రెండు కాగితాలు తెచ్చింది. "పరబ్రహ్మం సార్‌వి ఏడు వేల రెండు వందలు. మంచిగున్నయ్. ఆపరేషన్ చేయించుకోవచ్చని డాక్టరమ్మ చెప్పమన్నది."

రాజరాజేశ్వరి లేచి, ముందు భర్త దగ్గరికి వెళ్లలేదు. చంద్రమ్మ దగ్గరికి వెళ్లి, చేతులు పట్టుకుని, ఏం చెప్పాలో తెలియక, "కరివేపాకు బానే ఉందమ్మా ఆ రోజు," అంది.

"బాగలేకుండె అమ్మా," అంది చంద్రమ్మ. "వాడిపోయిందే."

"సోమయ్య అన్నా," స్రవ్య రెండో కాగితం మళ్లీ చూసుకుంది. "నువ్వు ఈసారి ఉరకలే గద?"

"లేదు. అర్ధగంట కూసున్న."

"మరి నీకు పదిహేను వేల తొమ్మిది వందలున్నయేంది? ఉరికినప్పటికంటె ఎక్కువున్నయ్. పన్ను గిట్ల నొస్తుందా అడుగుమన్నది డాక్టరమ్మ."

సోమయ్యకు దాచే ఓపిక అయిపోయింది. "ఎడమ పక్క పన్ను. రెండు నెలలాయె. మిషన్ సప్పుడంటె నాకు భయం."

గల్లీ మళ్లీ గొల్లుమంది. "ఇగ ఇది గూడ మజాకే!" నాగమణమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఒక్క స్రవ్యే ఫోను లైటు వేసి, నోరు తెరిపించి చూసింది.

"అమ్మో! లోపల చీము పట్టింది. పోలీసులు నిజంగానే వచ్చిండ్రు అన్నా."

కమిటీ తీర్పుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూల చంద్రమ్మదే. బోనాల దాకా రోజూ తెల్లారి మాదన్నపేట నుంచి ఆమె బుట్ట సోమయ్య మోసుకురావాలి. తీర్పు చదువుతున్నప్పుడు ప్రేమ్‌రాజ్ మొహంలో చాలా ఏళ్ల షేర్వాణీ చెమట ఆరింది.

ఆరు రోజులు మందులు వాడాక, బోనాలకు ముందు రోజు సాయంత్రం సోమయ్య పన్ను తీశారు. అంతకుముందు గురువారమే పరబ్రహ్మంగారి కంటి ఆపరేషన్ అయిపోయింది. బోనాల పొద్దున ఆయన నల్లద్దాలు పెట్టుకుని మెట్లు దిగి, చివరి మెట్టు మీద అలవాటుగా ఆగారు. వేపమండల బుట్ట దించి సోమయ్య వాచిన దవడతో చంద్రమ్మ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన అతన్ని అద్దాల్లోంచి ఒకసారి స్పష్టంగా చూశారు. తర్వాత అటు తిరిగారు.

"చంద్రమ్మా, దారి బావుందా?"

"మంచిగున్నది సారూ. సేటు నోరు మూసుకున్నడు గద, రండ్రి."

సోమయ్య దగ్గర దానికి మంచి జవాబే ఉంది, కానీ ఆ రోజు మాట్లాడొద్దని పళ్ల డాక్టరు గట్టిగా చెప్పాడు. లాల్‌దర్వాజాలో డాక్టరు మాట ఎవరైనా పూర్తిగా పాటించారంటే అదే మొదటిసారి.